ఎండిన రంజన్లు: ఒక లేబర్ అడ్డా చలివేంద్రం కేసు

ఇందులో క్లబ్బు పేరు, కూడలి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. హైదరాబాద్‌కు పడమటి వైపు, మెట్రో పిల్లర్లు కనిపించేంత దూరంలో ఉన్న ఒక లేబర్ అడ్డా, అంటే రోజు కూలీలు పని కోసం వచ్చి నిలబడే చోటు, అనుకుంటే చాలు. ఆనవాలు పట్టేసే ఒకటి రెండు వివరాలు మార్చాను. నేను నీటి నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు నగరంలోని సేవా క్లబ్బులు బడికి ఫిల్టర్ పెడతామన్నా, బస్తీలో బోరు వేయిస్తామన్నా వెళ్లి చూసి సలహా చెబుతుంటాను. ఫీజు లేదు, టీ ఇస్తారు.

నేపథ్యం

క్లబ్బులో నలభై మంది దాకా సభ్యులు. డాక్టర్లు, బిల్డర్లు, ఆడిటర్లు, ఒక మెడికల్ షాపు యజమాని, రిటైరైన బ్యాంకు ఉద్యోగులు. జేబులోంచి డబ్బు తీయడానికి వెనకాడని మనుషులే. అయితే ఒక సంగతి ముందే చెప్పాలి, ఈ కేసు సగం దాని చుట్టూనే తిరిగింది. రోటరీ అయినా, లయన్స్ అయినా ఇలాంటి క్లబ్బుల ఏడాది జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్ ఆ రోజుతో దిగిపోతారు. అంటే ఎండాకాలం వాళ్ల ఏడాదికి తోకలా వస్తుంది. అప్పటికి ఫండు అడుగంటి ఉంటుంది, రిపోర్టులో చూపించాల్సిన కార్యక్రమాలు మాత్రం మిగిలి ఉంటాయి. చలివేంద్రం సరిగ్గా అక్కడ అతుకుతుంది. ఖర్చు తక్కువ, ఫొటో బాగా వస్తుంది. జూలైలో కొత్త ప్రెసిడెంటు కుర్చీ ఎక్కేసరికి వానలు. మళ్లీ ఎండలు ముదిరేనాటికి, పోయిన ఏడు ఏం జరిగిందో చెప్పే మనిషి కమిటీలో ఉండడు. ఈ క్లబ్బు ఆ కూడలిలో అప్పటికి వరుసగా నాలుగేళ్లు చలివేంద్రం పెట్టింది. నాలుగేళ్లూ ఉగాది వెళ్లిన వారంలో రిబ్బన్ కత్తిరించింది.

నన్ను పిలిచిన కారణం

ఏప్రిల్ రెండో వారంలో సెక్రటరీ ఫోన్ చేశారు. "సార్, మా చలివేంద్రం నీళ్లు తాగి ఒక కూలీకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయట. ఒకసారి నీళ్లు టెస్ట్ చేసి బాగానే ఉన్నాయని ఒక కాగితం ఇవ్వగలరా?"

మర్నాడు పదిన్నరకు సీసాలు పట్టుకుని వెళ్లాను. మెయిన్ రోడ్డు మీద, బస్టాపు పక్కన తాటాకు పందిరి. వెనక పది అడుగుల ఫ్లెక్సీ, అందులో పద్దెనిమిది ముఖాలు. ఇసుక మీద రెండు రంజన్లు, అంటే పెద్ద మట్టికుండలు. ఒకటి పూర్తిగా ఎండిపోయింది. రెండోదాని అడుగున నాలుగు వేళ్ల లోతు నీళ్లు, అందులో తేలుతూ ఒక వేపాకు, ఒక గుట్కా ప్యాకెట్ ముక్క. స్టీలు గ్లాసును గొలుసుతో కట్టేశారు. గ్లాసు పోకుండా అది బాగానే కాపాడింది గానీ, తాగే ప్రతి మనిషి చేతినీ మణికట్టు దాకా రంజన్‌లోకి దింపింది.

క్లోరిన్ చూసే చుక్కలు వేశాను. ఉంటే నీళ్లు పసుపు రంగుకు తిరగాలి, తిరగలేదు. తాగేచోట లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన ప్రమాణాలు చెబుతాయి. హెచ్‌2ఎస్ పరీక్ష సీసాలో ఆ నీళ్లు పోసి ఇంట్లో అలమర మీద పెడితే మర్నాటికి నల్లగా మారింది. అంటే ఆ నీళ్లలో మలం తాలూకు కల్తీ ఉందనుకోవాలి. ఆ కూలీకి జబ్బు ఈ నీళ్ల వల్లే వచ్చిందా అంటే చెప్పలేను. పొద్దున బండి మీద తిన్న చట్నీ కూడా కావచ్చు.

ఇక్కడే మొదటి నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. నీళ్లు చెడ్డవని కాగితం మీద రాసిస్తే క్లబ్బు భయపడి రంజన్లు ఎత్తేస్తుంది. దాంతో కల్తీ సమస్య తీరుతుంది, దాహం అలాగే ఉంటుంది. పైగా నాకు కల్తీ కంటే ఎండిన రంజన్ ఎక్కువ వింతగా అనిపించింది. పది రోజుల కిందట రిబ్బన్ కత్తిరించిన పందిరిలో పదిన్నరకే నీళ్లెందుకు లేవు? కాగితం పక్కన పెట్టి, వారం రోజుల గడువు అడిగాను. ఆ వారం రంజన్లను కడిగి బోర్లించమన్నాను.

వారం రోజులు కూర్చుంటే కనిపించింది

ఉదయం ఆరింటికి వెళ్లి టీ బండి దగ్గర స్టూలు మీద కూర్చునేవాణ్ని. ఆరున్నరకల్లా అడ్డా నిండుతుంది. పాలమూరు నుంచి వచ్చిన కుటుంబాలు, ఒడిశా, బిహార్ కుర్రాళ్లు, పెయింటర్లు, తాపీ మేస్త్రీలు, అన్నీ కలిపి మూడు వందల మంది దాకా. ఎనిమిదిన్నరకు చాలామంది ఏదో ఒక బండెక్కి వెళ్లిపోతారు. పదింటికి పని దొరకని ఇరవై ముప్పై మంది మిగులుతారు. మెయిన్ రోడ్డు మీది పందిరికీ, వీళ్లు నిలబడే కానుగ చెట్టుకూ మధ్య ఎనభై అడుగులు. పందిరి దగ్గరికి పోతే బేరం పోతుంది. మేస్త్రీ బైకు ఆపి నలుగురు కావాలన్నప్పుడు అక్కడ లేని మనిషికి ఆ రోజు కూలి లేనట్టే. బస్టాపు పక్కన పెట్టడం వల్ల ఫ్లెక్సీ అందరికీ కనిపించింది, నీళ్లు మాత్రం దాహమున్న వాళ్లకు దూరమయ్యాయి.

రెండోది, గ్లాసు లెక్క. రెండు రంజన్లకు కలిపి ఎనభై లీటర్లు, గ్లాసుకు పావు లీటరు చొప్పున మూడు వందల మందికి సరిపోతుందని క్లబ్బు లెక్క కట్టింది. కానీ ఆ పూట ఎక్కువమంది గ్లాసు ముట్టుకోరు. కూల్‌డ్రింకు తాగి పారేసిన లీటరు, రెండు లీటర్ల సీసాలు సంచిలో తెచ్చుకుంటారు. ఆ రోజంతా పనిచేసే చోట నీళ్లుంటాయన్న నమ్మకం లేదు. భవన నిర్మాణ కార్మికుల కోసం తెచ్చిన 1996 చట్టం సైటులో తాగునీరు, మరుగుదొడ్లు యజమానే ఏర్పాటు చేయాలని చెప్పింది. ఒక గోడ పగలగొట్టడానికి ఒక్క పూటకు పిలిచే ఇంట్లో దాన్నెవరు చూస్తారు? ఇక అడ్డా అయితే ఎవరి సైటూ కాదు. రంజన్లు బోర్లించకముందు, వాటిలో సీసాలు ముంచుతున్న వాళ్ల ఫొటో తీసి ఒక సభ్యుడు గ్రూపులో "మిస్‌యూజ్" అని పెట్టారు. నాకు మాత్రం అసలు అవసరం ఆ ఫొటోలోనే దొరికింది.

మూడోది నేను ఊహించనిది. ఆడవాళ్లు దాదాపు ఎవరూ నీళ్లు తాగడం లేదు. వెంట తెచ్చుకున్న సీసాలోంచి రెండు గుక్కలు పుక్కిలించి ఉమ్మేస్తున్నారు. మొదట అడిగితే నవ్వి ఊరుకున్నారు. నాలుగో రోజు కొంచెం చనువు వచ్చాక ఒక పెద్దావిడ చెప్పింది.

"తాగితె యాడికి పోవాలె సారూ? మగోళ్లు గోడ పక్కకు పోతరు. మేం పని దొరికి ఆ ఇల్లు చేరెదాంక బిగబట్టుకోవాలె. ఆడ గూడ పోనిస్తరో లేదో."

దగ్గర్లో ఒక పబ్లిక్ టాయిలెట్ ఉంది. తాళం తీసేది తొమ్మిదికి.

నాలుగోది టీ బండి ఆమె చెప్పింది. ప్రతి ఏడూ రంజన్లు మొదటి నాలుగైదు రోజులు నిండుగా ఉండేవి, సభ్యులు వంతులవారీగా నింపిస్తున్నారని క్లబ్బులో అందరూ అనుకున్నారు. "నేనే నింపిన సారూ. నా డ్రమ్ముల నీళ్లు పోసిన. నాకెవ్వరు చెప్పలె. ఖాళీ కుండ సూస్తె మనసొప్పదు గద. ఐదో దినం నాకే నీళ్లు రాలె." నాలుగేళ్లు ఈ చలివేంద్రాన్ని ఎవరు నడిపారో క్లబ్బుకు తెలియదు. ఫ్లెక్సీ మీది పద్దెనిమిది ముఖాల్లో ఆమెది లేదు.

ప్రయత్నించి విఫలమైనవి

ఇవన్నీ మీటింగులో చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు, ఆపైన వాళ్లకు తోచిందే చేశారు. తప్పుపట్టను. అప్పటికి నా దగ్గర సమస్యలున్నాయి గానీ ప్లాను లేదు.

మొదట వాట్సాప్ రోస్టరు. పద్నాలుగు మంది, రోజుకొకరు, ఇంటి నుంచి కారులో డబ్బాలతో నీళ్లు తేవాలి. మొదటి వారం బ్రహ్మాండంగా నడిచింది. రెండో వారం పెళ్లిళ్లు, పిల్లల సెలవులు, ఊరి ప్రయాణాలు. ఇది బద్ధకం కాదు, అడ్డాకు నీళ్లు కావాల్సిన ఆరున్నరకు ఈ సభ్యులు వాకింగ్‌లో ఉంటారు. వాళ్లు వచ్చే తొమ్మిదికి తాగేవాళ్లు ఉండరు. రోస్టరు రాసినప్పుడు సభ్యుల వీలు చూశాం తప్ప తాగేవాళ్ల వేళ చూడలేదు.

తర్వాత ఆదివారాలు పదకొండింటికి మజ్జిగ. అది పూర్తిగా ఫొటోల కార్యక్రమం. తాగింది షాపింగ్‌కు వచ్చినవాళ్లు. దాని గురించి ఇంతకంటే రాయక్కర్లేదు.

ఓఆర్‌ఎస్ విషయంలో మాత్రం నేను గట్టిగా అడ్డుపడ్డాను. మెడికల్ షాపాయన పెట్టె నిండా ప్యాకెట్లు ఉచితంగా ఇచ్చారు. అవి 20.5 గ్రాముల ప్యాకెట్లు, ఒక్కొక్కటి సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. ఒక కుర్ర వాలంటీరు ఉత్సాహంగా గ్లాసుకొక ప్యాకెట్ కలిపి ఇస్తున్నాడు. నాలుగైదు రెట్లు చిక్కటి ఉప్పునీళ్లు అవి. తల్లి పక్కనున్న రెండేళ్ల పిల్లకు కూడా పట్టబోయాడు. అంత ఉప్పు ఒంట్లోకి వెళితే దాహం తీరకపోగా పిల్లల ప్రాణం మీదికి రావచ్చు. ఆ పెట్టెను అక్కడే మూయించి, బస్తీ దవాఖానాకు ఇచ్చేయమన్నాను. దానం చేసిన మనిషి నొచ్చుకున్నారు. కలిపే మనిషి చేయి స్థిరంగా ఉంటుందన్న భరోసా లేనప్పుడు మంచినీళ్లే నయమని నా అభిప్రాయం. ఇప్పటికీ అదే అంటాను.

ఇంకొకటి చెబితే నవ్వు వస్తుంది. రంజన్ నీళ్లు చల్లగా లేవని ఫిర్యాదు ఉండేది. చూస్తే రంజన్ల నిండా తెల్లటి ఎనామిల్ పెయింటు, దాని మీద పసుపు, నీలం రంగుల్లో క్లబ్బు గుర్తు. మట్టికుండ చల్లబడేది నీళ్లు సన్నటి రంధ్రాల్లోంచి బయటికి చెమ్మగిల్లి, ఆవిరవుతూ వేడిని తీసుకెళ్లడం వల్ల. మన ఏప్రిల్, మే గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఆ పని బాగా జరుగుతుంది. పెయింటు ఆ రంధ్రాలన్నింటినీ మూసేసింది. గుర్తు అందంగానే ఉంది, నీళ్లు మాత్రం బకెట్లో నీళ్లలా ఉన్నాయి.

ఏది పనిచేసింది

మే మూడో వారంలో, రోహిణి కార్తె వాకిట్లో ఉండగా మళ్లీ కూర్చున్నాం. ఈసారి ఐదుగురమే. రోళ్లు పగిలే ఎండల్లో పది రోజులైనా సరిగ్గా నడిపి చూద్దామని, అది కుదిరితే వచ్చే ఏటికి అదే నమూనా అని అనుకున్నాం.

ముందు చోటు మారింది. పందిరి వదిలేసి కానుగ చెట్టు కిందికి వచ్చాం. ఇది తేలిగ్గా ఒప్పుకోలేదు. రోడ్డుకు కనిపించకపోతే క్లబ్బుకు పేరెలా వస్తుందని ప్రెసిడెంటు అడిగారు, ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. పేరు చూసే కదా దాతలు డబ్బిచ్చేది. ఫ్లెక్సీని బస్టాపు దగ్గరే ఉంచి, కింద బాణం గుర్తు వేశాం. రాజీ అంటే రాజీయే.

పాత్ర కూడా మారింది. ఉదయం పూట కావాల్సింది సీసాలు నింపుకొనే వేగం. దానికి చల్లదనం అక్కర్లేదు. అందుకని ఐదు వందల లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు, నాలుగు కుళాయిలు, చుట్టూ తడి గోనె సంచులు. మధ్యాహ్నం మిగిలేవాళ్లకు, ఆటోవాళ్లకు, ఊడ్చేవాళ్లకు పెయింటు లేని ఒకే రంజన్, మూత కట్టేసి, కింద కుళాయి బిగించినది. చేయి నీళ్లలోకి పోయే దారి ఎక్కడా లేదు. వాటర్ కూలర్ పెడదామని ఒక సభ్యుడు ముందుకొచ్చారు. ఫుట్‌పాత్ మీద కరెంటు తీగ, పక్కన కారే నీళ్లు అని వద్దన్నాను.

నీళ్లెక్కడివన్నది పెద్ద చిక్కు. పక్క అపార్టుమెంటు వాళ్లు ఒప్పుకోలేదు. ఫ్లాటుకు నెలకు 20 వేల లీటర్లు ఉచితం, దాటితే బిల్లు ఎవరు కడతారు, రేపు ఇది హక్కు అయిపోతే ఎలా అన్నారు. వాళ్ల భయం అర్థమైంది. చివరికి వంద గజాల దూరంలోని ఒక ఫంక్షన్ హాలు యజమాని సరేనన్నారు. ఆయన బోరు నీళ్లు ఇస్తానన్నారు, పరీక్షిస్తే నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాముల హద్దు దాటింది. మున్సిపల్ నీళ్లు నిల్వ ఉండే సంపు నుంచే పైపు కావాలని పట్టుబట్టాను. దానికయ్యే బిల్లు క్లబ్బుది. అడగడానికి వెళ్లినప్పుడే ఆ హాల్లో ఆడవాళ్లకు ఆరు టాయిలెట్లు ఉన్నాయని కంటపడింది. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా పక్క గేటు తెరిచి రెండు టాయిలెట్లు ఇస్తే శుభ్రం చేసే మనిషి ఖర్చు మేమిస్తామన్నాం. నీళ్ల కంటే దీనికే ఎక్కువ బతిమాలాల్సి వచ్చింది.

ఇక మనిషి. నా లెక్కలో ఈ కేసంతా ఇక్కడే తిరిగింది. టీ బండి ఆమెకు నెలకు ఆరు వేలు ఇచ్చి ట్యాంకు బాధ్యత అప్పగిద్దామన్నాను. మీటింగులో నిప్పు రాజుకుంది. "సేవకు జీతమేంటండీ? రేపు రక్తదానానికి కూడా డబ్బిస్తామా?" అన్నారు ఒక పెద్దాయన. నేను వాదించింది ఇది. ఫ్లెక్సీ వేసినవాడికి, షామియానా వాడికి, ఫొటోగ్రాఫరుకు డబ్బిచ్చారు. అందరికంటే ఎక్కువ పనిచేసే మనిషి దగ్గరే సేవాభావం గుర్తొచ్చింది. పైగా పాత చలిపందిళ్లను గుర్తు చేసుకోండి. కుండ పక్కన ఎవరో ఒక ముసలమ్మ కూర్చుని చెంబుతో దోసిట్లో నీళ్లు పోసేది, తాగేవాడి చేయి కుండకు తగిలేది కాదు. దాని వెనక అంటు పట్టింపులూ ఉన్నాయి, దాన్ని దాచిపెట్టి గతాన్ని పొగడనక్కర్లేదు. కానీ అక్కడ ఒక మనిషి ఉండేది. మనం కుండను ఉంచుకుని మనిషిని తీసేశాం.

వాదన గెలిచింది నా వల్ల కాదు. ట్రెజరర్ ఆడిటర్. ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఏ హెడ్డు కింద రాయాలో చెప్పండి, మిగతాది నేను చూసుకుంటా" అన్నారు. నీటి సరఫరా ఖర్చు అని రాశారు. అయిపోయింది.

ఆమెనే ఎందుకంటే, తెల్లవారుజామున నాలుగున్నరకు స్టవ్వు వెలిగించే మనిషి, మధ్యాహ్నం దాకా కదలదు, అడ్డాలో అందరూ ఆమె మాట వింటారు. ఒక ఇబ్బంది ఉంది. ఆమె బండి మీద రెండు రూపాయల నీళ్ల ప్యాకెట్లు అమ్ముతుంది. ఉచితంగా నీళ్లిస్తే ఆ బేరం పోతుంది. ఎంత పోతుందో ఆమెనే అడిగి, దానికి పైన శ్రమకు కలిపితే ఆరు వేలయింది. ఇది కలపకుండా మూడు వేలతో ముగిస్తే రెండో వారంలో కుళాయి "పాడయ్యేది" అని నా అనుమానం. ఆమె మంచితనం మీద నాకు సందేహం లేదు. అయినా ఒకరి మంచితనాన్ని నాలుగేళ్లు ఊరికే వాడుకున్నాం, చాలు.

క్లోరిన్ చుక్కలు వేయడం నేర్పాను. పసుపు రంగు రాకపోతే మాత్రలు ఎన్ని వేయాలో ప్యాకెట్ లెక్క ప్రకారం ట్యాంకు మీద గీతలు గీసి చూపించాను. ఆమెకు చదువు రాదు. మూడో రోజుకే నాకంటే వేగంగా చేసింది. ట్యాంకు నింపిన ప్రతిసారీ గోడ మీద సుద్దముక్కతో ఒక గీత. ఆ పది రోజుల్లో పద్నాలుగు గీతలు. అంటే ఏడు వేల లీటర్లు, కొన్ని రోజులు రెండుసార్లు నింపారు. పాత రంజన్లతో పోలిస్తే రోజుకు ఎనిమిది తొమ్మిది రెట్లు. మృగశిర వచ్చాక ఆపేశాం.

నేర్చుకున్నవి

జూన్ 30 గండం దాటించడమే అన్నింటికంటే కష్టమైంది. దిగిపోయే ప్రెసిడెంటు, ఎక్కే ప్రెసిడెంటు, ఆ తర్వాతి ఏడు ఎక్కబోయే మనిషి, ముగ్గురినీ కలిపి ఒక చిన్న కమిటీ వేసి, చలివేంద్రం డబ్బును జూలైలోనే విడిగా పక్కన పెట్టించాం. కొత్త ప్రెసిడెంటుకు తన ముద్ర ఉండాలని ఉంటుంది, అది సహజం. ప్రారంభం ఆయనకిచ్చాం, పద్ధతి మార్చే అధికారం కమిటీకిచ్చాం. రెండో ఏడు ఉగాది దాకా ఆగకుండా శివరాత్రి వెళ్లగానే ట్యాంకు పెట్టాం.

నా వైపు తప్పు కూడా ఒకటుంది. మొదటి మీటింగుకే ప్లానుతో వెళ్లాల్సింది. ఏం తప్పుందో చెప్పి ఊరుకుంటే, మంచి మనసున్న నలభై మంది వెంటనే ఏదో ఒకటి చేసేస్తారు. ఆ ఓఆర్‌ఎస్ పెట్టె అలాగే వచ్చింది.

ఇంకోసారి ఎవరైనా చలివేంద్రం సలహా అడిగితే నేను ముందు అడిగే ప్రశ్న నీళ్ల గురించి ఉండదు. మీరు పెట్టి వెళ్లిన ఐదో రోజు పొద్దున ఆరింటికి అక్కడ ఎవరుంటారని అడుగుతాను. ఆ తర్వాత, ఆడవాళ్లు తాగుతున్నారా అని.

ఇంకా తేలనిది

ఫంక్షన్ హాలు ఏర్పాటు ముహూర్తాల రోజుల్లో తప్పిపోతోంది. పెళ్లివారు రాత్రి నుంచే దిగి ఉంటారు, పక్క గేటు తెరవడానికి మేనేజరు ఒప్పుకోడు. నీళ్లు ముందురోజే నింపి పెట్టుకుంటున్నాం, టాయిలెట్‌ను నిల్వ చేయలేం కదా. పబ్లిక్ టాయిలెట్ వేళలు మార్చమని ఇచ్చిన అర్జీకి జవాబు రావాల్సి ఉంది. ప్రస్తుతానికి టీ బండి ఆమె ట్యాంకు పక్కన ఒక తెలుగు క్యాలెండరు వేలాడదీసింది. ముహూర్తం ఉన్న తేదీల చుట్టూ ఎర్ర సున్నాలు. ఆ రోజుల్లో ఆడవాళ్లు సీసా నింపుకుంటారు గానీ అక్కడ తాగరు.

పోయినసారి వెళ్లినప్పుడు ఆ పాలమూరు పెద్దావిడ క్యాలెండరు నా చేతికిచ్చి, "జర సూడు సారూ, మూఢం ఎప్పుడు పడుతది?" అని అడిగింది.